గంట ఒక్కసారే మోగాలి

పోలింగ్ డ్యూటీ చేసినవాళ్లకి ఓ జబ్బుంటుంది. ఏ దేశంలో ఎన్నికలు జరిగినా, ఎవరు గెలిచారన్న దానికంటే ఓటు ఎలా వేశారన్నదే ముందు చూస్తాం. పశ్చిమాఫ్రికాలోని గాంబియా దేశం పిచ్చి నాకు అలా పట్టుకుంది.

అక్కడ బ్యాలెట్ పేపర్ ఉండదు. అభ్యర్థికో డ్రమ్ము, దాని మీద పార్టీ రంగు, ఫొటో. ఓటరు చేతికి ఒక్క గోలీ ఇస్తారు. చాటుకి వెళ్లి, నచ్చినవాళ్ల డ్రమ్ములో జారవిడవాలి. లోపల గంటకి తగిలి టంగుమంటుంది. రెండోసారి మోగిందా, పట్టుబడ్డట్టే. గోలీ అడుగున పడి మళ్లీ చప్పుడు చేయకుండా ఇసుకో రంపం పొట్టో పోస్తారు. సైకిల్ బెల్లుతో పొరబడతారని బూత్ దగ్గరికి సైకిళ్లనే రానివ్వరు! చదువు రానివాళ్ల కోసం 1960ల్లో మొదలైన పద్ధతి ఇది.

1994లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన యాహ్యా జమ్మే, దేవుడు తలిస్తే వంద కోట్ల ఏళ్లు ఏలతానన్నాడు. 2016 డిసెంబర్ 1న అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిపక్ష అభ్యర్థి అడామా బారోకి 2,27,708 గోలీలు, జమ్మేకి 2,08,487 పడ్డాయి. మర్నాడు ఓటమి ఒప్పుకున్నాడు. వారం తిరిగేసరికి మాట మార్చి సుప్రీంకోర్టుకి పోయాడు. తీరా చూస్తే అక్కడ విచారించడానికి చాలినంతమంది జడ్జీలు లేరు. 2015 మే నుంచి ఆ కోర్టు కూర్చోనేలేదు. నైజీరియా, సియెర్రా లియోన్‌ల నుంచి జడ్జీలు రావాలి, రాలేదు. కోర్టుని అలా ఎండబెట్టింది ఆయన ప్రభుత్వమే మరి.

నచ్చజెప్పడానికి పొరుగు అధ్యక్షులు వెళ్లారు. వాళ్లలో ఘనా అధ్యక్షుడు మహామా కూడా ఉన్నాడు, అప్పటికి కొద్దిరోజుల ముందే తానూ ఓడిపోయి, ఒప్పుకుని వచ్చినవాడు. ఓడిపోయాక ఏం చేయాలో చెప్పడానికి అంతకంటే అర్హుడెవరు? జమ్మే వినలేదు. 2017 జనవరి 19న బారో పొరుగుదేశం సెనెగల్‌లో, దాని రాజధాని డకార్‌లోని తమ రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశాడు. అదేరోజు పశ్చిమాఫ్రికా కూటమి ఎకోవాస్ తరఫున సెనెగల్ సేనలు సరిహద్దు దాటాయి. రెండు రోజులకి జమ్మే దేశం వదిలి ఈక్వటోరియల్ గినియా చేరాడు.

సెనెగల్‌ది పూర్తి నిస్వార్థమని నేననుకోను. గాంబియా ఆ దేశం పొట్టలోకి దూరిన చీలికలా ఉంటుంది. సెనెగల్ దక్షిణాన ఉన్న కాసమాన్స్ ప్రాంతపు తిరుగుబాటుదారులకి జమ్మే అండ ఉందని డకార్‌కి ఎప్పటినుంచో కోపం.

మూడేళ్లే ఉంటానన్న బారో దిగలేదు. 2021లో మళ్లీ నిలబడి గెలిచాడు. ఆసారి ఆరుగురు పోటీ చేశారు, బూత్‌లో ఆరు డ్రమ్ములు. ఆ హడావుడిలో గంట ఏ డ్రమ్ములో మోగిందో బయటికి తెలియకుండా ఎలా చూసుకున్నారా అని నా బెంగ.