డైనింగ్‌కు ఎన్ని ఎన్‌లు?

మా ఊరి బస్టాండు ఎదుట ఉన్న ఒక భోజన హోటలు బోర్డు మీద ‘డైనింగ్ హాల్’ అన్న మాటను ఇంగ్లీషులో రెండు ఎన్‌లతో రాయించారు. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి దాన్ని ‘డిన్నింగ్ హాల్’ అని చదివింది. ఆ స్పెల్లింగుకు ‘డైనింగ్’ కన్నా అదే దగ్గరి ఉచ్చారణ. డిన్ అంటే రణగొణధ్వని కనుక, బోర్డు ప్రకారం అది భోజనశాల కాదు, గోలశాల. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళినవారికి ఆ బోర్డులో తప్పేమీ కనిపించదనుకోండి.

మన చేత ఈ తప్పు చేయిస్తున్నది మన ద్విత్వాక్షరమేనని నా అనుమానం. ‘కల’కూ ‘కల్ల’కూ తేడా హల్లును వత్తి పలకడంలోనే ఉంది. ఇంగ్లీషులో మాత్రం ఇలాంటి జంట హల్లు తన సంగతి చెప్పదు. తన ముందున్న అచ్చు పొట్టిదని చెబుతుంది. హోప్ అనే క్రియ చివరి ‘ఈ’ని వదులుకొని ఒకే ‘పీ’తో హోపింగ్ అవుతుంది, గెంతడమనే అర్థమున్న హాప్‌కు ‘పీ’ని రెట్టించకపోతే అదీ హోపింగే అయి కూర్చుంటుంది. సెలవు చీటీల్లో తరచు కనబడే రెండు ‘టీ’ల రైటింగ్ తప్పు కావడానికీ, రిటన్‌లో రెండు ‘టీ’లు ఒప్పు కావడానికీ కారణం ఇదే.

మాట పొడవైతే ఊనిక, అంటే నొక్కి పలకడం (స్ట్రెస్), ఎక్కడ పడుతుందో వినాలి. బిగిన్, రిఫర్ మాటలకు ఊనిక చివర పడుతుంది కనుక బిగినింగ్‌లో ‘ఎన్’, రిఫర్డ్‌లో ‘ఆర్’ రెట్టిస్తాయి; విజిట్, ఆఫర్‌లకు మొదట్లోనే పడుతుంది కనుక రెట్టించవు. తెలుగులో ఊనికతో అర్థం మారదు కాబట్టి మన చెవి దీన్ని పట్టించుకోదు. నిఘంటువులో ఊనిక పడే చోటుకు ముందు చిన్న నిలువు గీత ఉంటుంది, అది చూసుకోవడం మేలు. ట్రావెల్ ఈ సూత్రానికి లొంగదు: బ్రిటిష్ పద్ధతిలో, అంటే మన బడుల్లో, ట్రావెలింగ్‌కు రెండు ‘ఎల్’లు; 1828లో నిఘంటువు వెలువరించిన నోవా వెబ్‌స్టర్ బాటలో నడిచే అమెరికావారికి ఒకటే.

చివరి ‘ఈ’ని ఎప్పుడూ తీసేయాలని కూడా లేదు. చనిపోవడమనే డై నుంచి వచ్చే డయింగ్‌లో ‘ఐ ఈ’ పోయి ‘వై’ వస్తుంది. రంగు అద్దడమనే డైకి మాత్రం ‘ఈ’ని అలాగే ఉంచాలి. పోచంపల్లి నేతగాళ్ళు నూలుకు రంగులద్దే తీరును వర్ణిస్తూ ఆ ఒక్క అక్షరం మరిచిపోతే నూలు చచ్చిపోతుంది.