సైలెన్సర్ పైపుకి కూల్‌డ్రింక్ డబ్బా

బీచ్ రోడ్డు పక్కన ఇల్లంటే అందరూ కుళ్లుకుంటారు గానీ, ఆ ఉప్పుగాలి కారు అడుగున చేసే నిర్వాకం ఎవరికీ కనపడదు. మా పాత కారుకి మఫ్లర్ (పొగ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ భాగం) ముందు అతుకు దగ్గర తుప్పు పట్టి పైపుకి చిల్లు పడింది. స్టార్ట్ చేస్తే అచ్చం ట్రాక్టరే!

గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ పెట్టించాలంటే జీతం పడాలి. ఈలోగా చవకలో ఇలా కానిచ్చాను. పైపు పూర్తిగా చల్లారాక, చిల్లు చుట్టూ వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో మెరుపు వచ్చేదాకా గీకాను. దాని మీద ఎగ్జాస్ట్ పుట్టీ (సైలెన్సర్ వేడిని తట్టుకునే ముద్ద) రాశాను. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బాని పైనా కిందా కోసి, ఆ రేకు చుట్టి, అటూ ఇటూ స్టీలు హోస్ క్లాంపులు బిగించాను. రేకు అంచు బ్లేడులా తెగుతుంది, గ్లవ్స్ తప్పనిసరి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకి దూరకండి.

కుళాయిలకి పెట్టే మామూలు ఎపాక్సీ ముద్ద ఆ వేడికి నిలవదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వెనక మఫ్లర్ వైపు అంత వేడి ఉండదు గానీ, ఇంజన్ పక్కనుండే మానిఫోల్డ్ దగ్గర ఈ ఆటలు వద్దు.

శబ్దం కంటే నాకు టెన్షన్ ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతోనే. రంగూ వాసనా ఉండదు, ప్రాణం తీస్తుంది. అందుకే అతుకు వేసినా అద్దాలు దించే నడుపుతున్నాను. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీలో కునుకు తీయడం బంద్. మా ఆవిడైతే వెల్డింగ్ అయ్యేదాకా పిల్లల్ని ఎక్కించనంది.