పసుపు కుంకుమ మడి

గురువారం, రాత్రి పది దాటింది

పాదాలు రెండుసార్లు కడిగినా బురద వాసన పోలేదు. నిద్ర ముంచుకొస్తోంది గానీ ఇవాళ్టిది ఇవాళే రాసేయాలి. రేపటికి సగం మర్చిపోతాను.

పొద్దున అయిదుకే అత్తగారు తలుపు తట్టారు. "మాఎన్, లే. పడవ పోతుంది." మాఎన్ అంటే కోడలా అని. వంటింట్లో అప్పటికే పంది మాంసం ఉడికిపోయింది. పుట్టింటికి వెళ్లే ఆడపడుచు మాంసం పట్టుకెళ్లాలి, అక్కడివాళ్లు చేప పెట్టాలి. మాంసం ఇటునుంచి, చేప అటునుంచి, ఎప్పుడూ ఇంతే. ఆ గిన్నె మోసే పని నాది. నేను పంది ముక్క ముట్టనని తెలిసినా మోత మాత్రం తప్పదు.

మామగారు రాలేదు, గేదె ఈనేలా ఉందట. ఆయన నాతో నేరుగా మాట్లాడరు. ఇక్కడ మామాకోడళ్ల మర్యాద అది. "మీ అమ్మతో చెప్పు, గొడుగు తీసుకెళ్లమను" అని మా పాపతో అన్నారు. నేను ఆయనకు రెండడుగుల దూరంలోనే ఉన్నాను. మా జేజి కూడా తన మామగారి ముందు గుమ్మం దాటేది కాదట. అందుకే నాకిది మొదట్నుంచీ పెద్ద వింత అనిపించలేదు.

మా ఊరు ఇండోనేసియాలో, తోబా సరస్సు మధ్యనున్న సమోసిర్ దీవిలో దక్షిణం వైపు, నైంగొలన్ పక్కన. అత్తగారి పుట్టిల్లు సరస్సుకు అవతల, మువారా పైన కొండవాలులో. సిపింగన్ రేవులో ఫెర్రీ ఎక్కితే గంటలోపే అవతలి ఒడ్డు. అత్తగారు ఎక్కగానే లైఫ్ జాకెట్ తొడుక్కుని, నాకూ తొడిగి, పాప తాళ్లు మూడుసార్లు లాగి చూశారు. 2018 జూన్‌లో సిమానిండో నుంచి తిగారస్ వెళ్లే పడవ మునిగి నూటయాభై మందికి పైగా ఈ నీళ్లలోనే ఉండిపోయారు. సరస్సు కొన్నిచోట్ల 500 మీటర్ల లోతు. అప్పట్నుంచి ఆవిడ పడవలో కబుర్లు చెప్పరు, నీళ్లకేసి చూడరు.

నేను మాత్రం చూస్తాను. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇక్కడి అగ్నిపర్వతం బద్దలైతే మిగిలిన గొయ్యి ఈ తోబా సరస్సు. ఆ బూడిద ఎగిరెళ్లి మా బనగానపల్లె పక్కన జ్వాలాపురంలోనూ పడింది. అక్కడ నేల తవ్వితే తెల్లగా, మెత్తగా వస్తుంది. దాన్ని గిన్నెలు తోమే పొడుల్లోకి అమ్ముతారు. పెళ్లికి ముందు మా నాయన "అంత దూరమా!" అని దిగులు పడితే ఈ సంగతే చెప్పాను. ఆయనేమీ ఊరట పడలేదు.

ఈ ప్రయాణం ఎందుకంటే, అత్తగారికి పుట్టింటివాళ్లు ఇచ్చిన మడి కొలవడానికి ఇవాళ భూమి ఆఫీసు మనిషి వస్తున్నాడు. అలాంటి మడిని ఇక్కడ పావుసెయాంగ్ అంటారు. కూతుర్ని పంపేటప్పుడు తండ్రి ఇచ్చే పొలం. ఆ మాట అర్థం నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. మన పసుపు కుంకుమ కింద ఇచ్చే భూమే. ఇక్కడి తోబా బతక్ తెగ ఆచారంలో పొలం, ఇల్లు మగపిల్లలవి. తల్లిదండ్రులుండే ఇల్లు ఆఖరి కొడుక్కి. కూతురికి దక్కేది ఇలా మనసుపడి ఇచ్చిందే. ఇండోనేసియా సుప్రీంకోర్టు 1961లోనే, పక్కనున్న కరో బతక్‌ల కేసులో, కూతుళ్లకూ వాటా ఉందని తీర్పు చెప్పింది. ఊళ్లో ఎవరినైనా అడగండి, తీర్పు సంగతి తెలుసంటారు. ఆ తర్వాత ఒక నవ్వు.

నా సంగతి ఇంకా తిరకాసు. బతక్ కాని పిల్ల కోడలుగా రావాలంటే ముందు ఎవరో ఒకరు దత్తత తీసుకుని తమ మర్గా పేరు ఇవ్వాలి. మర్గా అంటే మన ఇంటిపేరూ గోత్రమూ కలిసినట్టు. ఒకే మర్గాలో పెళ్లి కుదరదు. నన్ను దత్తత తీసుకున్నది అత్తగారి తమ్ముడే, అంటే మా ఆయన మేనమామ. దాంతో నేను లెక్కప్రకారం మా ఆయనకు మేనమామ కూతుర్ని, సొంత మరదల్ని. వీళ్ల దృష్టిలో అంతకు మించిన సంబంధం లేదు. (మేనత్త కూతుర్ని మాత్రం చేసుకోకూడదు. అది చెల్లెలితో సమానమట. మా ఊళ్లో ఈ మాటంటే సగం పెళ్లిళ్లు చెల్లవు.) కాబట్టి ఇవాళ మడి ఇచ్చిన హులాహులా (పుట్టింటివాళ్ల) వైపూ నేనే, పుచ్చుకున్న బోరు వైపూ నేనే. బోరు అంటే ఆడపిల్ల. బోరుకి భూమి అని మా తమ్ముడికి మెసేజ్ పెడితే, నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయని అడిగాడు.

ఆ ఇల్లు పాతకాలపుది. గుర్రపు జీను లాంటి కప్పు, ఎదుట ఎరుపు నలుపు తెలుపు చెక్కడాలు. గోడ మీద నాలుగు రొమ్ములు, వాటివైపు పాకుతున్న బల్లి. బల్లి పేరు బోరస్పతి, నేల దేవత రూపం. పాత బతక్ పంచాంగంలో గురువారం పేరూ బోరస్పతే. మన బృహస్పతి సముద్రం దాటొచ్చి ఇక్కడ బల్లయ్యాడు. మీద బల్లి పడితే తలస్నానానికి పరిగెత్తే మా అమ్మకి ఫోటో పంపాను. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపింది.

నాన్న (దత్తత తండ్రిని అమాంగ్ అనే పిలుస్తాను) అందరి తలల మీదా బియ్యం గింజలు పెట్టి దీవించారు. అక్షింతలే, పసుపు ఒక్కటే తక్కువ. తర్వాత చేప. అర్సిక్ అంటారు. నిండు చేపను, తోక తల తియ్యకుండా, పసుపు ముద్దలో నీళ్లింకిపోయేదాకా ఉడికిస్తారు. అందులో అందాలిమన్ అనే మిరియం గింజలాంటిది పడుతుంది. కొరికితే ముందు నిమ్మతొక్క వాసన, ఆ వెంటనే నాలుక చివర జిల్లుమని మొద్దుబారుతుంది. గుంటూరు కారం తిన్న నోటికి కారమంటే మంటే. ఇది మంట కాదు, పళ్ల డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుందే, అలాంటిది. మూడేళ్లు తిట్టుకున్నాను. ఇప్పుడు పప్పులోనూ వేస్తున్నాను.

మడి మూడు చిన్న మెట్లు, అంతా కలిపి పాతిక సెంట్లు ఉండదు. ఏడాదికి ఒక్కటే పంట. నా దత్తత అన్న చేస్తాడు, సగం మాకు పంపుతాడు. పడవ ఖర్చులు తీస్తే మిగిలేదేమీ లేదు. ఆఫీసు కుర్రాడు మోటారు సైకిల్ మీద వచ్చాడు, మర్యాదస్తుడు. హద్దులేవని అడిగితే నాన్న ఒక రాయి, ఎర్రాకుల మొక్క, పక్క పొలంలోని సిమెంటు సమాధి మెట్టు చూపించారు. ఆ సమాధి మేమున్న ఇంటికన్నా బాగుంది. జకార్తా వెళ్లినవాళ్లు కట్టించారు. కొలత పావుగంటలో అయిపోయింది. చిక్కు కాగితం దగ్గరొచ్చింది.

ఫారంలో "ఎలా సంక్రమించింది" అని ఒక గడి. కొనుగోలా, వారసత్వమా, హిబానా (అంటే దానమా). నాన్న హిబా రాయమన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. "దానమైతే ఇచ్చి మర్చిపోయినట్టేగా! రేపు నా కొడుకు ఎవరికో అమ్మినా నిన్నడగక్కర్లేదా?" ఆచారం ప్రకారం ఇలాంటి మడి అమ్మాలంటే ముందు పుట్టింటివాళ్లనే అడగాలి. ఆవిడ తన హక్కు కోసం కాదు, తన మీదున్న కట్టుబాటు కోసం పోట్లాడుతున్నారు. నాన్నకి నవ్వొచ్చింది, కళ్లు మాత్రం తుడుచుకున్నారు. నన్నడిగారు, "నువ్వు రెండు వైపులా ఉన్నావుగా, చెప్పు." నేనేం చెప్పను? మెట్టు మీద కూర్చుని, కాళ్లు బురదలో పెట్టి ఊరుకున్నాను.

మా అమ్మకి 1981లో అరెకరం మాగాణి పసుపు కుంకుమ కింద దఖలు రాశారు. కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చేటప్పటికి ఆమె పెళ్లయిపోయింది, ఆ చట్టం ఆమెకు వర్తించలేదు. ఆ అరెకరమే మిగిలింది. తర్వాత మేనమామలు ప్లాట్లకి బేరం పెట్టుకుని సంతకానికి మాత్రం కారు పంపారు. అమ్మ ఆ రోజు కొత్త చీర కట్టుకుని వెళ్లింది, పుట్టింటికి కదా అని.

తిరుగు పడవలో ఇదంతా అత్తగారికి చెప్పాను, ఆవిడ పడవలో మాట్లాడరని తెలిసీ. అంతా విన్నారు. సంచిలోంచి మువారా మామిడిపండు తీసి నా చేతిలో పెట్టారు. కోడిగుడ్డంత ఉంటాయి ఇవి. బనగానపల్లె దాన్ని కాబట్టి వీటిని మామిడిపళ్లంటే ఒప్పుకోను, కానీ తియ్యగానే ఉంది. రేవు దగ్గర పడుతుండగా ఒకే మాట అడిగారు. "సంతకం పెట్టాక అన్నం పెట్టారా?"

గుర్తులేదన్నాను. రేపు అమ్మకి ఫోన్ చేసి అడగాలి.

గేదె ఇంకా ఈనలేదు. ఫారం నా దగ్గరే ఉంది, ఆ గడి ఖాళీగానే ఉంది. వచ్చే గురువారంలోగా ఇవ్వమన్నాడు కుర్రాడు. వాళ్లు తిరిగి నింపి పంపిన చేపల గిన్నె తోమలేదు. పొద్దున చూసుకోవచ్చు.