స్టావెల్ దాటాక ఆగిన పికప్ బండి

మెల్‌బోర్న్ నుంచి హాల్స్ గ్యాప్ అనే కొండ ఊరికి మూడు గంటల దారే. అయినా బల్లారట్‌లో కాఫీకి ఆగిన దగ్గర్నుంచీ మా బావకి ఒకటే టెన్షన్, చీకటి పడకముందే చేరిపోవాలని. కంగారూలు మేతకి బయల్దేరేది పొద్దు వాలాకే కదా. లైట్లు పడితే బెదిరి ఎటు గెంతుతాయో వాటికే తెలీదట. నేనేమో ఆ కాఫీ ఖరీదుని రూపాయల్లోకి మార్చుకుని ఏడుస్తున్నా.

స్టావెల్ ఊరు దాటాక రోడ్డు వారన ఒక కంగారూ చచ్చిపడి ఉంది. పక్కనే పికప్ బండి ఆపి, ఒక పెద్దాయన దాని పొట్ట దగ్గర గొంతుక్కూర్చున్నాడు. దాని పొట్టసంచిలో చెయ్యి పెట్టి జాగ్రత్తగా తడుముతున్నాడు. తల్లి పోయినా లోపల పిల్ల బతికుండొచ్చట. చిన్న పిల్లయితే చనుమొన నోట్లోంచి వదలదు, లాగితే దానికే దెబ్బ అని చెప్పాడు. సంచి ఖాళీ. బండిలోంచి స్ప్రే డబ్బా తెచ్చి కళేబరం మీద ఇంటూ గుర్తు కొట్టాడు, వెనకొచ్చేవాళ్లు మళ్లీ ఆగి వెతక్కుండా. చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. మన హైవేల మీద చచ్చిన కుక్కని తప్పించుకుపోవడమే తప్ప దిగి చూసినవాణ్ణి నేనెరగను.

హాల్స్ గ్యాప్ ఆటస్థలం నిండా బూడిదరంగు కంగారూలే. గెంతులు చూద్దామని వెళ్తే అవి నింపాదిగా పాకుతున్నాయి. చేతులు ముందుకి ఆనించి, తోకని నేలకి తన్నిపెట్టి, వెనక కాళ్లు రెండూ ఒక్కసారే ముందుకి లాక్కుంటాయి. తోక ఊరికే ఊతం కాదు, ఐదో కాలు. కంచె దగ్గర ఒక పెద్ద పిల్ల తల్లి సంచిలో తల దూర్చి పాలు తాగుతోంది. పుట్టినప్పుడు చిక్కుడు గింజంత ఉంటుంది, గ్రాము బరువు కూడా ఉండదు. కళ్లు తెరవకుండానే తల్లి బొచ్చు పట్టుకుని సంచిలోకి ఎక్కుతుంది. పూర్తిగా బయటికి రావడానికి దాదాపు 11 నెలలు. ఆపైన కూడా ఇలా పాలకి వస్తూనే ఉంటుంది. ఈలోగా లోపల ఇంకో పసిది చేరితే, ఆ తల్లి ఒక చన్నులో దీనికి, ఇంకో చన్నులో దానికి వేరువేరు రకం పాలు ఇస్తుంది!

రాత్రి పబ్ మెనూలో కంగారూ స్టేక్ కనబడింది. ఆస్ట్రేలియా రాజముద్ర మీద ఈము పక్షి పక్కన నిలబెట్టుకున్న జంతువే. కొవ్వు తక్కువ, సూపర్ మార్కెట్లో కూడా దొరుకుతుందని బావ అదే తెప్పించుకున్నాడు. నేను చిప్స్, సలాడ్‌తో సరిపెట్టుకున్నా. వాటికే 18 డాలర్లు గుంజారు.