షెంజెన్‌లో టవర్ల వెనక సందులు

షెంజెన్‌ అనే చైనా నగరానికి వెళ్లింది ఎత్తయిన బిల్డింగులు చూద్దామనే. పింగాన్ టవర్ 599 మీటర్లు, కింద నిలబడి చూస్తే నిజంగానే నోట మాట రాదు. కానీ ఆ ఊళ్లో నేను ఎక్కువ తిరిగింది మాత్రం సందుల్లోనే.

1980లో స్పెషల్ ఎకనమిక్ జోన్ చేసేనాటికి ఆ ప్రాంతమంతా కలిపినా జనం మూడు లక్షలు, అదీ చేపలు పట్టే పల్లెలు, పొలాలు. 2020 లెక్కల్లో కోటీ డెబ్భై అయిదు లక్షలు! 1985లో పూర్తయిన గ్వోమావ్ భవనం 53 అంతస్తులు, మూడు రోజులకో అంతస్తు చొప్పున లేపేశారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మరి ఇలాంటివి కట్టడానికి వచ్చిన కూలీలు, ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లు ఇంతమందీ ఎక్కడ తలదాచుకున్నట్టు? పొలాలు ప్రభుత్వం తీసుకుంది గానీ ఇళ్ల స్థలాలు పల్లెవాళ్లకే మిగిలాయి, వాళ్లు ఆ కాస్త జాగాలోనే ఆరేడు అంతస్తులు వేసి గదులు అద్దెకిచ్చారు. వలస వచ్చినవాళ్లలో చాలామందికి ఆ ఊరి హుకౌ, అంటే స్థానిక నివాస నమోదు, ఉండదు, అది లేకుండా ప్రభుత్వ చవక ఇళ్లు దొరకడం కష్టం కాబట్టి చాలామందికి అందుబాటులో ఉన్న నీడ అదే.

నాన్‌తౌ పాత ఊళ్లో అలాంటి సందులోకి వెళ్లాను. రెండు చేతులూ చాపితే అటు గోడా ఇటు గోడా తగులుతున్నాయి, మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి, తలమీద వైర్ల కట్టలు, ఏసీల నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. ఒక కిటికీలోంచి చెయ్యి బయట పెడితే ఎదుటింటివాళ్లకి షేక్‌హ్యాండ్ ఇవ్వచ్చు. ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ కాదిది, అవసరం కట్టుకున్నది. గాలీ వెలుతురూ లేవు, అగ్నిప్రమాదం జరిగితే భయమే, అది దాచాల్సిన పని లేదు. 2017లో ఆర్కిటెక్చర్ బినాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శన, ఇక్కడే పెట్టి, పూర్తిగా కూల్చకుండా కొంత బాగుచేశారు, నాకు అది సరైన దారే అనిపించింది.

బైషిజౌ కథ వేరు. అదీ షెంజెన్‌లోనే, దాదాపు లక్షన్నర మంది ఉన్న పేట, 2019లో అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించడం మొదలుపెట్టారు, టవర్ల కోసం. 2050కి ప్రపంచంలో 68 శాతం మంది పట్టణాల్లోనే ఉంటారని ఐక్యరాజ్యసమితి 2018లో అంచనా వేసింది, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఆసియా, ఆఫ్రికాల్లోనే. అంటే ఇలాంటి కూల్చివేతలు ఇంకా చాలా ఊళ్లు చూస్తాయి. కొత్త ప్లాన్ గీసే ప్రతిచోటా, ఇప్పుడక్కడ అద్దెకున్న మనిషి రేపు అదే ఊళ్లో అంతే అద్దెకి ఎక్కడుంటాడో ఆ ప్లాన్‌లోనే చూపించాలి, చూపించలేకపోతే అనుమతి ఇవ్వకూడదు.