తుంటి ఇరిగితే నిమోనియా ఎందుకొస్తది?

"కాలు జారి పడ్డది, తుంటి ఇరిగింది. మరి నిమోనియా ఏడికెళ్లి వచ్చింది?" నిమోనియా అంటే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లు మంచాన పడ్డ ఇళ్లలో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. వయసు మీదపడ్డదని సరిపెట్టుకుంటారు. వయసొక్కటే కాదు, కదలకుండా పడుకోవడమే రోగనిరోధక శక్తిని తినేస్తుంది.

నడిస్తే రక్తం జోరందుకుని, ప్లీహంలో (కడుపులో ఎడమవైపు ఉండే అవయవం), రక్తనాళాల గోడల దగ్గర ఆగిన, క్రిములతో పోరాడే తెల్లకణాలు కదిలి ఒళ్లంతా గస్తీ తిరుగుతాయి. తెల్లకణాలను మోసే ఇంకో ద్రవం శోషరసం (లింఫ్), దానికి గుండెలాంటి పంపు లేదు. పిక్కలు బిగిసి వదులవుతుంటే, ఊపిరి నిండుగా ఆడుతుంటే బాగా సాగుతుంది. తెల్లకణాలు వాడుకునే గ్లుటమిన్ అనే పోషకం ఎక్కువగా కండల నుంచే అందుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు పడుకోబెట్టి చూస్తేనే కాళ్ల కండ దాదాపు కిలో తగ్గింది. అందుకే నాటుకట్టు కట్టించి నెలలు పడుకోబెట్టొద్దు. ఒళ్లు సహకరిస్తే 2 రోజుల్లో ఆపరేషన్ చేయించి, డాక్టరు సరేనంటే మరునాడే లేపి కూర్చోబెట్టాలి.

ఇంట్లో ముందు మంచం చూడండి. నులక మంచం నడుమ కుంగి, మనిషి జోలెలో పడ్డట్టు ముడుచుకుంటాడు. ఊపిరితిత్తుల అడుగుభాగం తెరుచుకోదు, కఫం అక్కడే నిలిచి క్రిములు పెరుగుతాయి. బరువంతా ముడ్డిపూస మీద పడి పుండు లేస్తుంది. పట్టెల మీద ఆనేలా చెక్క పరిచి, పైన 4 అంగుళాల ఫోం పరుపు వేయండి. 2 గంటలకోసారి పక్క మార్చాలి. వీపు వెనుక దిండు పెట్టి ఓ పక్కకు 30 డిగ్రీలు వాల్చితే చాలు. తుంటి ఆపరేషన్ అయినవాళ్లను ఎటు తిప్పాలో డాక్టరును అడగండి. గుండ్రటి గాలి ట్యూబు మాత్రం వద్దే వద్దు: దాని అంచు ఒత్తిడికి రక్తం ఆగి పుండు ముదురుతుంది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి చూడండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే, అక్కడ రుద్దొద్దు.

50 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. కిడ్నీ జబ్బుంటే లెక్క వేరు. ఉత్త గటక, జావతో అంత రాదు. రెండు గుడ్లతో 12, అరలీటరు పాలతో 16 వస్తాయి. మిగతాది పప్పు, పెరుగు, కోడికూరతో నింపాలి. కూర్చోబెట్టే తినిపించండి, తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. పొద్దున, రాత్రి పళ్లు తోమాలి, నోట్లోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. మాటిమాటికీ మూత్రానికి లేపాలని నీళ్లు తగ్గిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది.

పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టకపోవడం, అన్నం వద్దనడం, రోజంతా మగతగా ఉండటం గమనించండి. గడియారం పట్టుకుని నిమిషం పాటు ఊపిరికి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. 25 దాటితే తెల్లారేదాకా ఆగకుండా దవాఖానాకు తీసుకెళ్లండి.