రాసినవాళ్లు చూశారా, లేదా?

మా తమ్ముడు కథలు ముట్టుకోడు. చరిత్ర, జీవిత చరిత్రలు, ఆర్థిక వ్యవహారాలు, అంతే. "జరగని సంగతి చదివి ఏం లాభం అక్కా?" అంటాడు. నవల తప్ప ఇంకేదీ చదవని స్నేహితులు కూడా నాకున్నారు. నాన్‌ఫిక్షన్ అనగానే వాళ్లకి పాఠ్యపుస్తకం గుర్తొస్తుంది. ఈ రెండు జట్ల మధ్య కూర్చుని నేను ఏది దొరికితే అది చదువుతూ వచ్చాను. నాకు ఒక పుస్తకం నచ్చడానికీ, అందులో ఉన్నది నిజంగా జరిగిందా లేదా అన్నదానికీ సంబంధం చాలా తక్కువ. రాసినవాళ్లు ఆ విషయాన్ని దగ్గరికి వెళ్లి చూశారా, లేక దూరం నుంచి విన్నది రాసేశారా అన్నదే నాకు ముఖ్యం. చూసి రాసిన వాక్యం చదువుతుంటేనే తెలిసిపోతుంది.

ఈ పట్టింపు నాకు ఉద్యోగం నుంచి వచ్చిందనుకుంటా. నేను ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చేస్తాను. షిఫ్టు అయ్యాక రిపోర్టు రాయాలి. "ఫినిషింగ్ బాగాలేదు" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ఎడమ అంచున, రంధ్రానికి పక్కనే, గోరు తగిలితే తెలిసేంత గీత ఉంది అని రాస్తే మిషన్ దగ్గరున్న మనిషి వెంటనే లేచి ఏ టూల్ అరిగిందో చూస్తాడు. రాసిన మాట అవతలి మనిషిని కదిలించాలంటే అందులో చూపు ఉండాలి.

టాల్‌స్టాయ్ 1886లో అచ్చువేసిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' సంగతే చూడండి. పెద్ద నవల కాదు. ఒక జడ్జి కొత్త ఇంట్లో కర్టెన్లు ఎలా వేలాడదీయాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీంచి జారతాడు, పక్కటెముకల దగ్గర దెబ్బ తగులుతుంది. అది కాస్తా ముదిరి అతన్ని మంచాన పడేస్తుంది. మనుషులందరూ చనిపోతారన్నది అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. తర్కశాస్త్రం పుస్తకంలో చదువుకున్నాడు: కైయస్ మనిషి, మనుషులు మర్త్యులు, కాబట్టి కైయస్ మర్త్యుడు. అది కైయస్ విషయంలో సరే. కానీ తను కైయస్ కాదు కదా! తను చిన్నప్పుడు ఇష్టపడిన చారల తోలు బంతి వాసన కైయస్‌కి తెలుసా? అమ్మ పట్టు గౌను గరగరలు కైయస్ విన్నాడా?

ఆ బంతి వాసన దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మనుషులు మర్త్యులు అన్నది ఏ పుస్తకమైనా చెబుతుంది. ఆ వాక్యం తన మీదికి వచ్చి పడినప్పుడు ఒక మనిషి దాన్ని ఎలా తోసేస్తాడో, ఏ చిన్న జ్ఞాపకాన్ని అడ్డం పెట్టుకుంటాడో ఈ కథే నాకు చూపించింది.

అదే కథలో గెరాసిమ్ అనే పల్లెటూరి కుర్రాడు ఉంటాడు. జబ్బు మనిషి కాళ్లు ఎత్తి తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు, అలా ఉంటే నొప్పి తగ్గినట్టు ఉంటుందని. ఇంట్లో మిగతావాళ్లంతా "నయమైపోతుంది" అని నటిస్తుంటారు. రోగిని నొప్పి కంటే ఆ నటనే ఎక్కువ బాధపెడుతుంది. గెరాసిమ్ మాత్రం నటించడు. మనమందరం పోయేవాళ్లమే, ఈ కాస్త శ్రమకేముంది అంటాడు. మా నాన్న మంచాన పడిన రోజుల్లో ఆయన జబ్బు గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. మందులు, డైట్, రక్తపరీక్షలో ఏ అంకె ఎంత ఉండాలి, అన్నీ వాటిల్లోనే నేర్చుకున్నాను, అవి అవసరం కూడా. కానీ ఒకరోజు ఆయన "నాకిది తగ్గదు కదమ్మా" అన్నప్పుడు మాట మార్చకుండా పక్కన కూర్చోగలిగానంటే అది గెరాసిమ్ దగ్గర నేర్చుకున్నదే. ఏం లాభం అని తమ్ముడు అడిగినప్పుడల్లా నాకు ముందు తట్టేది ఆ రోజే.

ఇంత చెప్పి నాన్‌ఫిక్షన్‌ని తక్కువ చేస్తానని అనుకోకండి. నాకు ప్రాణమైన పుస్తకాల్లో ఒకటి వానపాముల గురించి. డార్విన్ 1881లో, అంటే చనిపోవడానికి ముందు ఏడాది, రాసిన చివరి పుస్తకం అది. పరిణామ సిద్ధాంతంతో ప్రపంచాన్ని కుదిపేసిన మనిషి కుండీల్లో మట్టి పోసి, వానపాముల్ని పెట్టి, వాటికి చెవుడా కాదా అని పరీక్షిస్తాడు. లోహపు ఈల ఊదితే వాటికి పట్టలేదు. బసూన్ వాద్యంలో ఎంత గట్టి స్వరం పలికించినా కదల్లేదు. పియానో పక్కన పెట్టి వాయించినా చలనం లేదు. అవే కుండీల్ని పియానో మీదే పెట్టి ఒక మెట్టు నొక్కగానే వాటిల్లోని రెండు వానపాములూ చటుక్కున బొరియల్లోకి దూరాయి. వాటికి వినపడదు, అదురు మాత్రం తెలుస్తుంది. అక్కడితోనూ ఆగడు. వానపాములు ఆకుల్ని బొరియలోకి ఏ కొసతో పట్టి లాగుతాయో తెలుసుకోవడానికి కాగితాన్ని త్రికోణాలుగా కత్తిరించి వాటికి వేస్తాడు. ఎక్కువ భాగం మొన వైపు నుంచే లాగాయట.

ఆ పుస్తకం చదివాక నాకు వానపాముల గురించి తెలిసింది, నిజమే. కానీ దాన్ని మళ్లీ మళ్లీ తీయడానికి కారణం, ఒక పెద్ద బుర్ర ఒక చిన్న ప్రాణి ముందు అంత ఓపికగా కూర్చోవడం. ఆ ఓపిక చదివేవాళ్లకీ అంటుతుంది.

నా రిపోర్టుల గురించి చెప్పాను కదా. అలాంటి రిపోర్టులే రాసిన ఇంకో మనిషి ప్రీమో లెవీ. వృత్తి రీత్యా కెమిస్టు, రంగుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. నాజీల ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడి 1947లో తన అనుభవాన్ని పుస్తకంగా తెచ్చాడు. ఫ్యాక్టరీల్లో వారం వారం రాసే రిపోర్టునే తన శైలికి నమూనాగా పెట్టుకున్నానని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు: క్లుప్తంగా, కచ్చితంగా, అందరికీ అర్థమయ్యేలా ఉండాలని. అది చదివిన రోజు నాకు నా ఉద్యోగం మీద గౌరవం పెరిగింది, దాచుకోవడం దేనికి.

ఆ పుస్తకంలో అలెక్స్ అనే కాపో ఒకడుంటాడు. కాపో అంటే ఖైదీల మీద అజమాయిషీ చేసే ఖైదీ. ఇనప తాడు పట్టుకుని వాడి చేతికి గ్రీజు అంటుతుంది. పక్కనే ఉన్న లెవీ భుజానికి ఆ చెయ్యి తుడిచేసుకుంటాడు. కోపంతో కాదు, వెటకారంతోనూ కాదు. అరచెయ్యి ఓసారి, వెనకవైపు ఓసారి, శుభ్రంగా. అంతే. ఆ శిబిరాల గురించి ఎన్నో లెక్కలు చదివాను. ఒక మనిషిని గుడ్డపేలికగా చూడడం అంటే ఏమిటో నాకు అర్థమైంది మాత్రం ఆ చెయ్యి తుడుచుకున్న చోటే.

అదే పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం మరొకటి ఉంది. లెవీ ఇంకో ఖైదీతో కలిసి అందరికీ సూప్ తేవడానికి నడుస్తుంటాడు. అతనికి ఇటాలియన్ నేర్పించే సాకుతో డాంటే కావ్యంలోంచి యులిసిస్ కథ చెప్పడం మొదలుపెడతాడు. పంక్తులు సరిగ్గా గుర్తురావు. ఒక ముక్క ఉంటుంది, తర్వాతిది జారిపోతుంది. ఆ రెండు ముక్కల్నీ కలిపే పంక్తి గుర్తొస్తే చాలు, ఇవాళ్టి సూప్ ఇచ్చేస్తానంటాడు. ఆకలితో మనుషులు రాలిపోతున్న చోట! సాహిత్యం ఎందుకు అన్న ప్రశ్నకి నేను చదివిన వాటిలో గట్టి సాక్ష్యం ఒక నాన్‌ఫిక్షన్ పుస్తకంలోనే దొరికింది.

డిటెక్టివ్ నవలల్ని కాలక్షేపం కింద తీసిపారేసేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. విషాల గురించి ఆమె రాసిందంతా చేతులతో మందులు కలిపిన మనిషి రాసింది. 1961లో వచ్చిన ఆమె నవల 'ది పేల్ హార్స్'లో థాలియం విషం లక్షణాలు, జుట్టు ఊడిపోవడంతో సహా, పూసగుచ్చినట్టు ఉంటాయి. 1977లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రికి ఖతార్ నుంచి ఒక పసిబిడ్డను తీసుకొచ్చారు. రోగమేమిటో డాక్టర్లకు అంతుపట్టలేదు. ఆ నవల చదువుతున్న ఒక నర్సు, ఇది థాలియం అయ్యుండొచ్చు అంది. పరీక్షిస్తే అదే తేలింది, బిడ్డ బతికింది. అల్లిన కథే, కానీ అందులోని విషం మాత్రం ఎక్కడా అబద్ధం చెప్పలేదు.

ప్రేమ నవలల్లో ముగింపు ముందే తెలుసు, ఇంక చదవడమెందుకని అడుగుతారు. జేన్ ఆస్టిన్ 1813 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో నాయిక ఎలిజబెత్, తనకి డార్సీ రాసిన ఉత్తరం చదివి, కోపంతో మడిచి, ఇక దీని మొహం చూడను అనుకుంటుంది. అర నిమిషం కాకుండానే మళ్లీ విప్పుతుంది. పెళ్లి అవుతుందని తెలిసినా ఆ అర నిమిషం కోసం చదువుతాను నేను. ఇక ఫాంటసీ విషయంలో నా పరీక్ష ఒక్కటే: మంత్రానికి మూల్యం ఉందా? ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ కథలో ఒక ద్వీపంలో వాన రప్పిస్తే ఇంకో ద్వీపంలో కరువు రావచ్చు. అందుకే అక్కడి గురువులు గులకరాయి స్వభావం మార్చడానికి కూడా వెనకాడతారు. లేని లోకమే, అయినా పనికీ ఫలితానికీ ఉన్న ముడిని ఆమె మన లోకంలో చూసే ఉంటుంది.

ఒక్క చోట మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. జరిగింది అని చెప్పి రాస్తే జరిగిందే ఉండాలి. జాన్ హెర్సీ హిరోషిమా మీద రాసిన వ్యాసానికి న్యూయార్కర్ పత్రిక 1946 ఆగస్టు 31 సంచిక మొత్తం ఇచ్చేసింది. ఆరుగురు మనుషుల కథ. నవలలాగే నడుస్తుంది. ఒక ఆఫీసు ఉద్యోగిని పక్క సీట్లోని అమ్మాయితో మాట్లాడడానికి తల తిప్పుతూ ఉండగా బాంబు పడుతుంది. వెనకున్న పుస్తకాల బీరువాలు ఆమె మీద కూలతాయి. తల తిప్పడం హెర్సీ ఊహించింది కాదు, బతికిన మనిషిని అడిగి తెలుసుకున్నది. అందుకే ఆ కదలిక అంత బరువుగా ఉంటుంది. ట్రూమన్ కపోటి ఒక నిజమైన హత్య కేసు మీద రాసిన 'ఇన్ కోల్డ్ బ్లడ్' 1966లో పుస్తకంగా వచ్చినప్పుడు, ప్రతి మాటా వాస్తవమేనన్నాడు. చివర శ్మశానంలో డిటెక్టివ్, హతురాలి స్నేహితురాలు కలుసుకునే సన్నివేశం మాత్రం అతను అల్లినదే. ఎంత అందమైన పేజీలో! అవే నాకు ఇప్పుడు గుచ్చుకుంటాయి. నవల అని ఉంటే నెత్తిన పెట్టుకునేదాన్ని.

కథలు చదివితే ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకునే శక్తి పెరుగుతుందని 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 2016లో వేరే పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. పెరిగితే సంతోషమే, పెరగకపోయినా నేను చదవడం మానను. మనసుకి టానిక్ అని చెప్పి పుస్తకాలు చేతిలో పెట్టేవాళ్లంటే నాకు కాస్త భయం. విజయ రహస్యాల పుస్తకాలతో నా ఇబ్బందీ అదే. వాటిలో చాలావాటికి మందు వివరాలు ఉంటాయి, మనిషి ఉండడు. అవే నాలుగు గొప్పవాళ్ల కథలు ఒకరి నుంచి ఇంకొకరు తీసుకుని రాస్తారు. ఆ నలుగురిలో ఒక్కరినైనా కూర్చోబెట్టి, ఆ రోజు పొద్దున ఏం చేశారు అని అడిగిన దాఖలా కనిపించదు.

ఏ పుస్తకం ఎంచుకోవాలో తెలియనప్పుడు నేను మధ్యలో ఎక్కడో తెరిచి, ఎవరైనా ఏదైనా పని చేస్తున్న పేజీ కోసం వెతుకుతాను. ప్రేమ, మరణం, దేశం, న్యాయం లాంటి వాటి గురించి చూడకుండా రాసినా చెల్లిపోతుంది, చాలామంది రాస్తారు. చేతి పని గురించి అలా కుదరదు, నాలుగు లైన్లలో దొరికిపోతారు. ఈ మధ్య అలా తెరిచిన ఒక ప్రేమ నవలలో నాయిక టైలర్. చంక దగ్గర కుట్టు విప్పేటప్పుడు గుడ్డ తెగకుండా బ్లేడు ఏ వాలులో పట్టుకోవాలో, తెగిన దారపు ముక్కల్ని నాలుక తడితో వేలికి అంటించుకుని ఎలా తీస్తుందో రాసి ఉంది. వెంటనే తెచ్చేసుకున్నాను. ఇప్పుడు సగంలో ఉన్నాను. వాళ్ల ప్రేమ ఎటు పోతుందో ఇంకా తేలలేదు. ఆ అమ్మాయి చేతుల మీద మాత్రం నాకు నమ్మకం కుదిరింది.